మా రోజుల్లో వాయించేవాడుండేవాడు

మా తణుకులో ఇప్పుడు పెళ్ళంటే ముందు మాట్లాడుకునేది పురోహితుణ్ణి కాదండి, డీజే కుర్రాణ్ణి. ఉండ్రాజవరం జంక్షన్ నుంచి వేల్పూరు రోడ్డు దాకా ఏ కల్యాణమండపం ముందు నిలబడినా ఒకటే దరువు. నాలాంటివాడు గుండెమీద చెయ్యేసుకుని దాటాల్సిందే. లోపలికెళ్ళి చూస్తే అంత మోతకీ కారణం ఒక పాతికేళ్ళ కుర్రాడు, వాడి ముందు ఒక ల్యాప్‌టాపు. ఒక చెవికి హెడ్‌ఫోను తగిలించుకుని, రెండు చేతులూ పైకెత్తి ఊపుతుంటాడు. చేతులు రెండూ పైనుంటే మరి వాయిస్తున్నదెవడ్రా అని మా మనవణ్ణి అడిగాను. "తాతగారూ, అది ప్లే అవుతోందండీ, వాయించక్కర్లేదు" అన్నాడు. ఆ 'వాయించక్కర్లేదు' అన్న మాటే నాకు ఆ రాత్రి అన్నం అరగనివ్వలేదు.

డీజే వద్దు, మేం ఆర్కెస్ట్రా పెట్టించాం అని గొప్పగా చెప్పుకునే ఇళ్ళూ ఉన్నాయి. ఆ ముచ్చటా చెబుతాను వినండి. మొన్నామధ్య పైడిపర్రు వైపు ఒక పెళ్ళిలో స్టేజీమీద కీబోర్డు కనబడేసరికి నాకు ప్రాణం లేచొచ్చింది. ముందు వరసలో కుర్చీ లాక్కుని కూర్చున్నాను. కుర్రాడు వేళ్ళు బాగానే ఆడిస్తున్నాడు. కానీ వేళ్ళు లేచాక కూడా వయొలిన్లు మోగుతున్నాయి. ఫ్లూట్ బిట్టు వచ్చినప్పుడు వాడు సీసా ఎత్తి మంచినీళ్ళు తాగుతున్నాడు. అనుమానం వచ్చి వెనక్కెళ్ళి చూద్దును కదా, కీబోర్డు వైరు ప్లగ్గులో పెట్టనే లేదు! పాటంతా పెన్‌డ్రైవులోంచి వస్తోంది. "ఏం బాబూ ఇది?" అంటే, "వీడియోలో నిండుగా ఉంటుందని నిలబడమన్నారండి" అన్నాడు. దాపరికం లేకుండా చెప్పాడు, పాపం. నిలబడినందుకే వాడికి డబ్బులు.

ముసలాడి సణుగుడు అనుకుంటున్నారా? అనుకోండి, నాకేం నామోషీ లేదు. పగలంతా గుమాస్తాగిరీ వెలగబెట్టి, సాయంత్రమయ్యేసరికి కీబోర్డు సంచీ సైకిలు వెనకాల కట్టుకుని ఊళ్ళు తిరిగినవాణ్ణి. సణిగే హక్కు ఆమాత్రం సంపాదించుకున్నాను. అయితే నా గోల పాటలు పాడైపోయాయని కాదండి. ఇప్పుడూ మంచి పాటలొస్తున్నాయి, తక్కువే అనుకోండి. నా గోలల్లా వాయించేవాడి గురించి. పాట కట్టేది వాడు కాదు, పాడేది వాడు కాదు. మధ్యలో కూర్చుని, పిలిచినవాడి పాటకి తన వేళ్ళు అరువిచ్చి, డబ్బులు పుచ్చుకుని, చొక్కా దులుపుకుని ఇంటికెళ్ళిపోతాడు. దొరల భాషలో సెషన్ మ్యుజీషియన్ అంటారు. మా ఆర్కెస్ట్రాల్లో 'ప్లేయరు' అనేవాళ్ళం.

మా గోదావరి జిల్లాల్లో ఆ జాతికి మూలపురుషుడు సినిమావాడు కాదు, నాటకాల హార్మణీ ఆయన. తీర్థానికో, శ్రీరామనవమికో కమిటీవాళ్ళు కాంట్రాక్టరుతో మాట్లాడి 'హరిశ్చంద్ర' పెట్టించేవారు. హరిశ్చంద్రుడు ఒక ఊరి నుంచి వస్తాడు, చంద్రమతి ఇంకో ఊరి నుంచి, నక్షత్రకుడు మరో ఊరి నుంచి. ఒకళ్ళనొకళ్ళు మేకప్ గదిలోనే చూసుకోవడం. రిహార్సల్ అన్న మాటే లేదు. వీళ్ళందర్నీ తెల్లవార్లూ ఒక్క తాటిమీద నడిపించేవాడు, రెక్క పక్కన లెగ్ హార్మణీ ముందు కూర్చున్న ఆ ఒక్కడే. ఎవరిది ఏ శృతో, ఎవరు ఏ పద్యం దగ్గర గొంతు పైకి లాగుతారో, కాటిసీను దాకా ఓపిక మిగుల్చుకోవాల్సినవాడెవడో ఆయనకు తెలిసుండాలి. నటుడు నిద్రమత్తులో అరమెట్టు తప్పి పద్యం ఎత్తుకుంటే, జనం గుర్తుపట్టేలోపు తనే అక్కడికి జారిపోవాలి. వన్స్‌మోర్ కొట్టేది నటుడికి, దండ పడేది నటుడి మెళ్ళో. హార్మణీ ఆయన మాత్రం చేతిరుమాలుతో మెట్లమీద చెమట తుడుచుకుని, మళ్ళీ శృతి అందించేవాడు.

ఇప్పటి కీబోర్డు మీద ట్రాన్స్‌పోజ్ అని ఒక బటన్ ఉంటుంది. పాడేవాడు ఎక్కడ ఎత్తుకున్నా సరే, ఆ బటన్ నొక్కి, తనకొచ్చిన ఒక్క స్కేల్లోనే వాయించుకుపోవచ్చు. నల్లమెట్లు ముట్టుకోకుండానే జీవితం వెళ్ళబుచ్చిన ప్లేయర్లున్నారంటే నమ్మండి. మా హార్మణీ ఆయనకి ఆ బటన్ తలకాయలో ఉండేది.

హార్మణీ తర్వాత ఆర్గాన్ వచ్చింది. దాని సంగతి చెప్పాలంటే బందరు వెళ్ళాలి. మాస్టర్ వేణుగారిది బందరు. 'రోజులు మారాయి' పాటలు కట్టిన వేణుగారే. మన పాటకు హేమండ్ ఆర్గాన్ రుచి చూపించిన తొలితరం మనిషి ఆయన. అమెరికాలో లారెన్స్ హేమండ్ అనే ఆయన 1935లో, పైపుల ఆర్గాన్ కొనుక్కోలేని చర్చీల కోసం ఆ కరెంటు ఆర్గాన్‌ని బజారులో పెడితే, అది చర్చీ దాటి జాజ్‌లోకి, రాక్‌లోకి, చివరికి మద్రాసు వచ్చి మన జానపద సినిమాల్లోకి చొరబడింది. మాయల ఫకీరుకీ మంత్రగాడికీ అంతకంటే తగిన చప్పుడు ఇంకేముంది చెప్పండి.

రాక్ అన్నానుగా. మా మనవడికి ఒక నల్ల టీషర్టు ఉంది. దానిమీద డీప్ పర్పుల్ అని రాసుంటుంది. ఒరేయ్, ఆ బృందంలో కీబోర్డు ఎవర్రా అంటే బిక్కమొహం వేశాడు. రాక్ అంటే గిటారే కదా తాతగారూ అన్నాడు. చొక్కా కొనుక్కోవడానికి పాట వినక్కర్లేని రోజులొచ్చాయి మరి. ఆయన పేరు జాన్ లార్డ్. మామూలుగా హేమండ్ ఆర్గాన్‌కి లెస్లీ అని గుండ్రంగా తిరిగే స్పీకరు పెట్టుకుంటారు, శబ్దం మెత్తగా వణుకుతుంది. ఈయన అది చాలక, గిటారువాళ్ళు వాడే మార్షల్ యాంప్లిఫయరులోకి ఆర్గాన్‌ని తోశాడు. దాంతో అది గిటారుతో సమానంగా గర్జించడం మొదలెట్టింది. అదే మనిషి 1969లో లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్లో, రాయల్ ఫిల్‌హార్మోనిక్ వాద్యబృందాన్నీ తన రాక్ బృందాన్నీ ఒకే వేదికమీద కూర్చోబెట్టి, తను రాసిన కచేరీ వినిపించాడు. ఆ క్యాసెట్లు మాకు ఇంజనీరింగు చదివే కుర్రాళ్ళు సెలవుల్లో తెచ్చి ఇచ్చేవారు. కాపీ మీద కాపీ, దానిమీద ఇంకో కాపీ. గరగర ఎక్కువ, పాట తక్కువ. ఆ గరగరలోంచే మెట్లు వెతుక్కుని నేర్చుకున్నాం.

మరి మన పక్కన రాక్ బృందంలో కీబోర్డు వాయించి, సినిమా స్టూడియోల్లో కాల్షీట్‌కి పనిచేసిన కుర్రాడెవరూ లేరా? ఎందుకు లేడండీ. దిలీప్ అని ఒకడుండేవాడు మద్రాసులో. తండ్రి ఆర్.కె. శేఖర్, మలయాళ సినిమాల సంగీత దర్శకుడు. పిల్లాడికి తొమ్మిదేళ్ళప్పుడు ఆయన పోయారు. ఇంట్లో మిగిలిన వాద్యాలు అద్దెకిచ్చుకుంటూ తల్లి సంసారం లాక్కొచ్చింది. పదకొండేళ్ళకే స్టూడియోల్లో వాయించడం మొదలెట్టాడు. అర్జునన్ మాస్టారు, విశ్వనాథన్, మన రమేష్ నాయుడుగారు, ఇళయరాజా, ఎవరు పిలిస్తే వాళ్ళ పాటకి. స్కూలు, స్టూడియో రెండూ ఒక ఒళ్ళు మొయ్యలేక చదువు మధ్యలో ఆగిపోయింది. పాశ్చాత్య సంగీతం ధనరాజ్ మాస్టారి దగ్గర నేర్చాడు. మనం ఇళయరాజా అని చేతులెత్తి దణ్ణం పెడతామే, ఆయనకీ ధనరాజ్ మాస్టారే గురువు.

పగలు ఈ కూలి వాయింపు, మిగిలిన టైములో స్నేహితులతో రాక్. 'రూట్స్' అని ఒక బృందం, అందులో డ్రమ్స్ శివమణి, గిటార్ జాన్ ఆంథొనీ, సురేష్ పీటర్స్ లాంటివాళ్ళు. తర్వాత 'నెమెసిస్ అవెన్యూ' అని మరో రాక్ బృందం. అక్కడ సంపాదన లేదు, సరదా ఉంది. ఇక్కడ సంపాదన ఉంది, పేరు లేదు. పేరు గురించి తర్వాత చెబుతాను. ముందు మా తణుకు సంగతి.

1980ల్లో, ఆ దశకం చివరికొచ్చేసరికి మరీనూ, మా ఊళ్ళో వినాయకచవితి పందిళ్ళలోనూ, టీకొట్లలోనూ, ఆటోల్లోనూ మోగిందంతా రాజ్-కోటి. రాజ్‌గారి నాన్న టి.వి. రాజు మన రాజమండ్రి దగ్గర రఘుదేవపురం మనిషి. కోటిగారు సాలూరి రాజేశ్వరరావుగారి అబ్బాయి. పెద్దింటి పిల్లలిద్దరూ కలిసి, నాన్నల బాణీని పక్కనబెట్టి, కొత్త మోత మోగించారు. 1988లో 'యముడికి మొగుడు' వచ్చినప్పుడు చూడాలి మా ఊరిని! ఆ రోజుల్లో వాళ్ళ దగ్గర ఏళ్ళ తరబడి కీబోర్డు వాయించింది ఈ దిలీపే. కోటిగారు ఎన్నోసార్లు, ఎన్నో చోట్ల ఆ మాట చెప్పారు. అంటే చూడండి, 1992లో 'రోజా' వచ్చి ఎ.ఆర్. రెహమాన్ అన్న పేరు విని మనమంతా నోరు తెరిచేనాటికి, ఆ వేళ్ళు మన చెవులకు కొత్తవి కావు. మనకే తెలియదు. వాయించేవాడి బతుకంటే అంతే.

ఆ పాటలు స్టేజీమీద దించాలంటే మా తల ప్రాణం తోకకొచ్చేది. యమహా డీఎక్స్7 అని 1983లో వచ్చింది. అప్పట్లో దాని గంట చప్పుడు, దాని ఎలక్ట్రిక్ పియానో చప్పుడు లేని పాట ప్రపంచంలో ఎక్కడా లేదు. మాకు అంత భాగ్యం ఎక్కడిది? విదేశీ సరుకు, దానిమీద సుంకం. మద్రాసు బర్మా బజారులో చూసి, ధర విని, దణ్ణం పెట్టి వచ్చేసేవాళ్ళం. మా దగ్గరున్నవి చిన్న మెట్ల క్యాషియోలు. ఆమాటకొస్తే ఏ కంపెనీదైనా మా వైపు దాన్ని 'క్యాషియో' అనే అనేవారు. ఆ బొమ్మలాంటి దానిమీద మద్రాసు మోత పుట్టించాలి. కుడిచేత్తో మెలొడీ, ఎడంచేత్తో బేసు, పాట మధ్యలో టోన్ మార్చడానికి చిటికెనవేలు ఖాళీగా ఉంచుకోవాలి. క్యాసెట్ వెనక్కి తిప్పి, ముందుకి తిప్పి, టేపు అరిగి శృతి దిగిపోయేదాకా ఒక్క బిట్టు కోసం కూర్చునేవాళ్ళం. ఇప్పుడు? యూట్యూబులో పాట పేరు కొడితే చాలు, వెలుగుతూ పడే మెట్లు చూపించి నేర్పేస్తారు. మంచిదే. కానీ చెవి పెరగదు.

ఈ వాయింపు సిట్టింగుల్లో ఇంకో గొప్ప ఉండేదండి. అది కూలి మాత్రమే కాదు, బడి కూడా. రాజ్-కోటి దగ్గర, కీరవాణి దగ్గర, ఇళయరాజా దగ్గర కీబోర్డు వాయించిన మణిశర్మ తర్వాత తనే పెద్ద సంగీత దర్శకుడయ్యారు. ఆయనదీ బందరే. వేణుగారి ఊరు ఊరికే పోలేదన్నమాట. ఆ మణిశర్మ దగ్గర పనిచేసి తమన్ పైకొచ్చారు. హారిస్ జైరాజ్ కూడా సంగీత దర్శకుడు కాకముందు రెహమాన్‌కీ, రాజ్-కోటికీ, మణిశర్మకీ కీబోర్డు ప్రోగ్రామింగ్ చేసినవాడే. ఒకడి పాట దగ్గర కూర్చుని వాయిస్తూ, ఎక్కడ బిట్టు పెట్టాలి, ఎక్కడ నోరు మూసుకోవాలి, నిర్మాత మొహం మాడ్చుకుంటే రాగం ఎలా మార్చాలి, అన్నీ నేర్చుకునేవారు. నాలుగు గోడల మధ్య పదిమంది ప్లేయర్లు ఒక్కసారి కూర్చుంటే తప్ప ఆ చదువు అబ్బదు. ఇప్పుడు కుర్రాడు తన పడగ్గదిలో ఒక్కడే కూర్చుని, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని పాటంతా చేసేసి, ఈమెయిల్లో పంపించేస్తున్నాడు. వాణ్ణి తప్పని చెప్పేవాడు లేడు, భలే అని తొడమీద కొట్టేవాడూ లేడు.

మనదగ్గరే ఇంత అన్యాయం అనుకోకండి. ఇంగ్లండులో నిక్కీ హాప్‌కిన్స్ అని ఒక పియానో ఆయన. రోలింగ్ స్టోన్స్ పాటల్లో ఆయన వేళ్ళున్నాయి. 1968లో బీటిల్స్ 'రివల్యూషన్' సింగిల్లో మోగే ఎలక్ట్రిక్ పియానో ఆయనదే. 1971లో జాన్ లెనన్ 'ఇమాజిన్' ఆల్బంలోనూ వాయించాడు. ఒంట్లో బాగుండక, బృందాలతో ఊళ్ళు తిరిగే ఓపిక తక్కువై, ఎక్కువగా స్టూడియోనే నమ్ముకున్నాడు. అతన్ని చూసే కింక్స్ అనే బృందం 'సెషన్ మ్యాన్' అని పాట కట్టిందంటారు. అంత చేసి 1994లో యాభై ఏళ్ళకే పోయాడు. బీటిల్స్ నలుగురి పేర్లూ మా మనవడికి తెలుసు. ఈ మహానుభావుడి పేరు నేను చెబితేనే విన్నాడు.

ఇప్పుడు నా కులంవాళ్ళకి కోపమొచ్చే మాట ఒకటి చెప్పాలి. ఈ యంత్రం మీద ఏడుస్తున్న మేమూ తక్కువవాళ్ళం కాదు. మద్రాసు స్టూడియోల్లో ఒకప్పుడు పాటంటే వయొలిన్లే బెంచీల నిండా. చెల్లోలు, వీణ, షెహనాయి, తబలా తరంగ్, అందరికీ పనే. పొద్దున్నే కాల్షీట్, నొటేషన్ రాసుకోవడం, రెండు మూడు రిహార్సల్స్, తర్వాత టేక్. చివర్లో ఎవడో ఒకడు తప్పాడా, మళ్ళీ మొదటికి. తర్వాత కీబోర్డు వచ్చి కూర్చుంది. 1983లోనే మిడి అని, ఒక కీబోర్డుతో ఇంకో కీబోర్డునూ కంప్యూటరునూ మాట్లాడించే పద్ధతి వచ్చింది. 1986లో ఇళయరాజా 'పున్నగై మన్నన్'లో కంప్యూటర్ వాడారు. మనకది 'డ్యాన్స్ మాస్టర్'గా వచ్చింది. ఇంకేముంది, ఒక్క కీబోర్డు ప్లేయరు ఇరవైమంది వయొలిన్లు తనే వాయించేశాడు. వయొలిన్ ఆయన ఇంటి దగ్గర కూర్చున్నాడు. ఆయన పిల్లలు సంగీతం వద్దని డిప్లొమాలు చదువుకున్నారు. మమ్మల్ని ఆ రోజుల్లో వాళ్ళు ఎంత తిట్టుకున్నారో నాకు తెలుసు. మా ఊళ్ళోనూ అంతే. నా క్యాషియో వచ్చాక ఆర్కెస్ట్రాలో అకార్డియన్ ఆయన్ని పిలవడం మానేశారు. ఆయన నాతో మాట్లాడటం మానేశాడు. ఇప్పుడా వంతు నాకొచ్చింది.

కానీ ఒక్క తేడా ఉంది, అది మాత్రం వదలను. వయొలిన్ల పొట్ట కొట్టినా, కీబోర్డు దగ్గర ఒక మనిషి కూర్చునేవాడు. వాడి మూడ్ బాగోకపోతే పాట బాగోదు. పాడేవాడు ఊపిరి అందక ఆగితే వాడు ఒక మాత్ర సాగదీసేవాడు. కరెంటు పోతే, అదెప్పుడూ పోయేదే, జెనరేటర్ అందుకునేలోపు హార్మణీ లాగి పాట నిలబెట్టేవాడు. ట్రాక్ అలా ఆగుతుందా? గాయని పాపం రెండో చరణం మర్చిపోయినా, అది దాని దారిన అది పోతుంది. మనిషి దాని వెనక పరుగెత్తాలి.

పేర్ల సంగతి చెబుతానన్నాను. మా రోజుల్లో క్యాసెట్ అట్టమీద హీరో, హీరోయిన్, నిర్మాత, దర్శకుడు, సంగీత దర్శకుడు, గాయకులు ఉండేవారు. అన్నీ అయ్యాక జాగా మిగిలితే కంపెనీ అడ్రసు. ఇళయరాజా పాటల్లో కీబోర్డు విజి మాన్యుయేల్ అన్న సంగతి మాకు మద్రాసు వెళ్ళొచ్చినవాళ్ళు చెబితే తెలిసింది. అట్టమీద ఎక్కడా లేదు. ఆ రోజులు బంగారం అని నేననను, ఆ విషయంలో తుప్పు. దాన్ని మార్చినవాడెవడో తెలుసా? ఆ దిలీపే. రెహమాన్ అయ్యాక తన ఆల్బంల మీద ఫ్లూట్ ఎవరు, బేస్ గిటార్ ఎవరు, డ్రమ్స్ ఎవరు, ఇంజనీరు ఎవరు అని అచ్చు వేయించడం మొదలెట్టాడు. పేరు లేకుండా వాయించినవాడికే ఆ బాధ తెలుస్తుంది. తీరా పేర్లు వేసే అలవాటు పడేసరికి క్యాసెట్టూ పోయింది, సీడీ కూడా పోయింది. ఇప్పుడు ఫోన్లో పాట వేస్తే చిన్న బొమ్మ, కింద ఒకరిద్దరి పేర్లు. అట్టే లేనప్పుడు అట్టమీద పేరెక్కడ?

చట్టంలో మాత్రం మాకు గొప్ప స్థానమే ఉందండోయ్. 1957 కాపీరైటు చట్టానికి తర్వాత చేసిన సవరణల్లో 'ప్రదర్శకుడు' అంటే ఎవరో రాశారు. నటుడు, గాయకుడు, వాద్యకారుడు, నర్తకుడు, దొమ్మరివాడు, గారడీవాడు, పాములవాడు, ఇలా పోతుంది వరస. పాములవాడి సరసన కూర్చోబెట్టారని నాకేం చిన్నతనం లేదు. ఆయనా జనాన్ని చూసి వాయించేవాడే. 2012లో మళ్ళీ సవరించి, ప్రదర్శనని వ్యాపారానికి వాడుకుంటే ప్రదర్శకుడికి రాయల్టీలో వాటా ఉందన్నారు. గాయకులు సంఘం కట్టుకుని తమ వాటా అడుగుతున్నారు. మంచిదే. మరి ఒకనాటి పాటలో ఆర్గాన్ బిట్టు ఎవరిదో రాసిపెట్టిన కాగితమే లేకపోతే, ఆ ప్లేయరు పిల్లలు ఏం చూపించి అడుగుతారు?

ఇంకో విడ్డూరం వచ్చింది ఇప్పుడు. పోయినవాళ్ళ గొంతుల్ని కూడా యంత్రం పలికిస్తోంది. 2024లో 'లాల్ సలామ్' సినిమా పాటలో చనిపోయిన ఇద్దరు గాయకుల గొంతులు అలాగే వాడారు. వాడింది రెహమానే. వాళ్ళ కుటుంబాల అనుమతి తీసుకుని, డబ్బు కూడా ఇచ్చామని చెప్పారు. ఆ మర్యాద నాకు నచ్చింది, ఆ పని నచ్చలేదు. మన బాలుగారి గొంతును అడక్కుండా అలా పుట్టించారని వాళ్ళబ్బాయి చరణ్ నోటీసు పంపిన సంగతి పేపర్లో చూసే ఉంటారు. గొంతుకైతే గుర్తుపట్టి నోటీసు పంపేవాడు ఒకడున్నాడు. వేళ్ళకి ఎవడున్నాడండీ? ఫలానావాడి వాయింపు దొంగిలించారు అని కోర్టుకెక్కాలంటే, అసలు అది ఫలానావాడి వాయింపు అని ఊళ్ళో ఒక్కడికైనా తెలియాలి కదా.

పిల్లల్నీ అనాలి, వాళ్ళ అమ్మానాన్నల్నీ అనాలి. టీవీలో పోటీలు చూసి అందరికీ పిల్లలు గాయకులే కావాలి. 1996లో ఈటీవీలో 'పాడుతా తీయగా' మొదలైనప్పుడు బాలుగారి వెనకాల నిజంగా వాయించేవాళ్ళు కూర్చునేవారు. బాగా వాయిస్తే ఆయన పాట అయ్యాక వాళ్ళవైపు తిరిగి మెచ్చుకునేవారు. ఆ కార్యక్రమం చూసి ఊరూరా పాడేవాళ్ళు పుట్టారు. వాయించేవాళ్ళ వైపు మాత్రం ఎవరూ చూడలేదు. మా వీధిలో ఒకావిడ "మా బాబుకి కీబోర్డు నేర్పండి మాస్టారూ, ఎండాకాలం సెలవుల్లో ఖాళీగా ఉంటాడు" అంది. ఖాళీగా ఉన్నప్పుడు నేర్చేది కీబోర్డా అమ్మా! పక్కూరు పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్, పాశ్చాత్యుల కరెంటు వాద్యం చంకనెత్తుకుని కర్ణాటక కచేరీలో కూర్చోబెట్టి, జాన్ మెక్‌లాఫ్లిన్ లాంటి గిటారు దొర పక్కన రిమెంబర్ శక్తి అనే బృందంలో వాయించి వచ్చాడు. ఆయన ఎండాకాలం సెలవుల్లో నేర్చుకున్నాడా? కొవ్వూరులో పుట్టిన కీరవాణి 2023లో ఆస్కార్ పుచ్చుకుంటూ, తను కార్పెంటర్స్ అనే అమెరికా బృందం పాటలు వింటూ పెరిగానన్నారు. గోదావరి గట్టున ఉన్నవాడికి అమెరికా పాట అందకపోవడమంటూ ఏమీ లేదు. చెవి పెట్టాలి, కూర్చోవాలి, అంతే.

తణుకులో సర్కారు ఎక్స్‌ప్రెస్ ఆగేదే మద్రాసు వెళ్ళాలనుకునేవాళ్ళ కోసం అన్నట్టుండేది ఒకప్పుడు. హార్మణీ పెట్టె దుప్పట్లో చుట్టుకుని ఎక్కినవాళ్ళని నేను చూశాను. కొందరు తిరిగొచ్చారు, కొందరు రాలేదు. వచ్చినవాళ్ళలో ఎవడూ సంగీత దర్శకుడు కాలేదు. కానీ వాళ్ళ దగ్గర మా ఊరి ఆర్కెస్ట్రా పాట కట్టు నేర్చుకుంది. ఆ ఆర్కెస్ట్రాలో వాయించినవాళ్ళం ఇంకా నలుగురం మిగిలాం. చేతులు వణుకుతున్నాయి, వాయిస్తున్నాం.

కాబట్టి కల్యాణ మండపాలు బుక్ చేసుకుంటున్న తణుకు, ఆ చుట్టుపక్కల ఊళ్ళవారికి నాదొక విన్నపం. డీజే పెట్టుకోండి, మీ కుర్రాళ్ళ సరదా మీది. దానికిచ్చే డబ్బులో కాస్త పక్కన తీసి, ఒక్క గంట నిజంగా వాయించే ఒక కీబోర్డు కుర్రాణ్ణీ ఒక తబలా ఆయన్నీ పిలవండి. వచ్చాక ముందు ప్లగ్గు పెట్టారో లేదో చూడండి. పాట అయ్యాక గాయకుడి పేరుతోపాటు వాళ్ళ పేర్లూ మైకులో చెప్పించండి. పందిరి కమిటీవాళ్ళు పాంప్లెట్ వేస్తే, చందాదారుల జాబితా కింద ఒక వరస వాయించేవాళ్ళకి వదలండి. కుర్రాళ్ళు దొరకకపోతే సజ్జాపురం వైపు వచ్చి క్యాషియో మాస్టారు ఇల్లెక్కడని అడగండి. చూపిస్తారు.